భూకంపం తర్వాత ఖాట్మండు: మనిషికి పదిహేను వేలలో వారం తిరగొచ్చా? (మార్చి 2016)

వరంగల్ బాటసారి:
అందరికీ నమస్తే. ఏప్రిల్ రెండో వారంలో నేనూ మా ఫ్రెండూ ఖాట్మండు వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరం కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లం, రైలుతో కలిపి మనిషికి పదిహేను వేలు దాటకూడదు. భూకంపం వచ్చి ఏడాదైనా కాలేదని అమ్మ గొడవ. గదులు దొరుకుతాయా? తిండి సంగతేంటి? చూడ్డానికి అసలేమైనా మిగిలిందా? ఇంకోటి, అడగాలంటే మొహమాటంగానే ఉంది. అక్కడ జనం రేకుల షెడ్లలో ఉంటే మనం బ్యాగులేసుకుని చవగ్గా తిరగడం బావుంటుందా?

సీతమ్మధార అక్క:
తమ్ముడూ, నేను జనవరిలో తొమ్మిది రోజులు ఉండొచ్చాను. అప్పుడు సరిహద్దు దిగ్బంధం నడుస్తోంది, పెట్రోలు లేదు, గ్యాస్ లేదు, బస్సుల పైన కూడా జనమే. ఫిబ్రవరిలో అది తీరింది కాబట్టి మీకు అంత అవస్థ ఉండదు. కరెంటు మాత్రం ఇంకా గంటల తరబడి పోతుంది. ఏ పేటకి ఎప్పుడు తీస్తారో పట్టిక ఉంటుంది, గది తీసుకున్నరోజే అడిగి ఫొటో తీసి పెట్టుకోండి.

గది విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. దర్బార్ స్క్వేర్ దగ్గర పాత ఇటుకల ఇంట్లో, నాలుగో అంతస్తులో, చవగ్గా వస్తోందని దిగాను. మూడోరాత్రి చిన్న కుదుపు. బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది. చీకట్లో మెట్లన్నీ దిగి కిందికొస్తే గేటుకి గొలుసూ తాళమూ! తాళంచెవి ఉన్నాయన నిద్ర లేచి వచ్చేసరికి అంతా ఆగిపోయిందనుకోండి. మర్నాడే హోటళ్లుండే థమేల్ పేటలో పిల్లర్లున్న బిల్డింగులో మొదటి అంతస్తుకి మారాను. ఇద్దరికి 600 నేపాలీ రూపాయలు, అంటే మన డబ్బుల్లో 375. ఆ డబ్బు మిగుల్చుకోవడానికి ప్రాణమ్మీదకి తెచ్చుకోకండి. భూకంపం తర్వాత ఇంజనీర్లు ఇళ్లు చూసి స్టిక్కర్లు అంటించారు: పచ్చదైతే ఉండొచ్చు, పసుపుదైతే జాగ్రత్త, ఎర్రదైతే అడుగు పెట్టకూడదు. గదిలో వైఫై ఉందా అని అడిగేముందు అదేదో చూడండి. రాత్రి తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడగండి.

గోరఖ్‌పూర్ దారి:
రైలు నేను చెప్తా. వరంగల్ నుంచే రప్తీసాగర్ ఎక్కితే నేరుగా గోరఖ్‌పూర్. అక్కడ బస్సులో సునౌలీ, సరిహద్దు నడిచి దాటి, భైరహవా నుంచి ఖాట్మండు బస్సు. కొండదారి, రోజంతా పడుతుంది. పగటి బస్సే ఎక్కండి. మనకి వీసా అక్కర్లేదు. ఖర్చుకి మన ఐదొందల నోట్లే తీసుకెళ్లండి, ఇప్పుడు చెల్లుతున్నాయి.

సీతమ్మధార అక్క:
బాబూ, చెల్లుతాయని ఉత్తర్వు ఉంది నిజమే, కానీ నా ఐదొందల నోటు రెండు కొట్లలో తిప్పి ఇచ్చేశారు. వందలే పట్టుకెళ్లండి. మన వందకి వాళ్లవి 160, ఎక్కడ మార్చినా అంతే. వందకి వంద లెక్క కట్టే టాక్సీవాళ్లుంటారు, చూసుకోండి.

వరంగల్ బాటసారి:
అక్కా, మా ఇద్దరికీ ఓటరు కార్డుల్లేవు. సరిహద్దు దగ్గర చూపించడానికి ఆధార్ చాలా?

గోరఖ్‌పూర్ దారి:
చాలదు. పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. చూడాల్సిన చోట్ల టికెట్టు దగ్గర కూడా అది చూపిస్తేనే సార్క్ దేశాల తక్కువ రేటు వేస్తారు.

సీతమ్మధార అక్క:
ఇక చూడ్డానికి ఏం మిగిలిందంటే, పశుపతినాథుడి గుడి నిలబడే ఉంది, అమ్మకి అది చెప్పండి ముందు. ధరహరా స్తంభం విరిగి మొండెం మిగిలింది, పాత చెక్క మండపం కాష్ఠమండపం ఉన్నచోట ఖాళీ జాగా. బౌద్ధనాథ్ స్తూపం శిఖరం విప్పి మళ్లీ కడుతున్నారు. ఖాట్మండు పక్కనున్న భక్తపూర్ ఊళ్లో వత్సలా గుడి పడిపోయింది, దానికి కూతవేటులో ఉన్న ఐదంతస్తుల న్యాతపోల గుడి మాత్రం నిలిచింది. 1934 భూకంపంలో కూడా అది పడలేదట.

మీరు వెళ్లేది సరిగ్గా వాళ్ల కొత్త సంవత్సరానికి, ఏప్రిల్ 13. భక్తపూర్‌లో బిస్కా జాతర, న్యాతపోల ముందే భైరవుడి రథం లాగుతారు. చూసి తీరాల్సిందే, కానీ సందుల్లో నిలబడి కాదు. అక్కడి ఇళ్లకి ఇటువైపు గోడ నుంచి అటువైపు గోడకి దుంగలు ఊతం పెట్టి ఉంచారు. చౌకులో అంచున నిలబడండి.

తిండికి ఢిల్లీ రుచులు వెతక్కండి. గ్యాస్ కరువులో చాలా హోటళ్లు కట్టెలమీదకి మారాయి, మెనూ కుదించేశాయి. దాల్ భాత్ చెప్పండి. అన్నం, పప్పు, కూర అడిగినంత మళ్లీ వడ్డిస్తారు, మన మెస్ భోజనంలాగే. భక్తపూర్‌లో మట్టి ముంతల్లో జుజు ధౌ అని పెరుగు దొరుకుతుంది, రెండు తినండి.

మొహమాటం సంగతి. హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంటి రేకులు ఎగిరిపోతే, కార్లలో వచ్చి ఫొటోలు తీసుకుపోయినవాళ్లని చూశాను. ఒళ్లు మండింది. మా వీధి మూలమీద టీ తాగి డబ్బులిచ్చినవాడిమీద ఎవరికీ కోపం రాలేదు. భక్తపూర్‌లో ఒకావిడ కూలిన తన ఇంటి ఇటుకల్ని ఒక్కొక్కటే తీసి, అంటుకున్న మట్టి కొడవలితో గీకి, పనికొచ్చేవి ఒకవైపు పేరుస్తోంది. నేను కెమెరా తీయలేదు. పక్కన ఆమె కూతురు అల్లిన టోపీ అడిగిన ధరకే కొన్నాను. బేరం హోటలు గదికి ఆడండి, టాక్సీకి ఆడండి, వీధిలో అమ్ముకునేవాళ్ల దగ్గర వద్దు. పాత బట్టలు మూట కట్టుకుని వెళ్లొద్దు, మూలన పడి ఉన్న గుట్టలు చాలానే చూశాను. డబ్బు కట్టించుకుని వారంరోజులు సేవ చేయిస్తామనేవాళ్ల జోలికి కూడా పోకండి. ఇటుకలు మోసే పనికి అక్కడే మనుషులున్నారు, కూలీ వాళ్లకి రావాలి.

వరంగల్ బాటసారి:
చాలా థాంక్స్ అక్కా, అన్నా. పాస్‌పోర్టు తత్కాల్‌కి పెడుతున్నాం. ఇంకేమైనా సర్దుకోవాలా?

సీతమ్మధార అక్క:
తలకి కట్టుకునే టార్చి, పవర్ బ్యాంకు. రాత్రి చెప్పులు మంచం పక్కనే. అన్నట్టు వాళ్ల గడియారం మనకంటే పదిహేను నిమిషాలు ముందు. అది మర్చిపోయే నా తిరుగు బస్సు పోయింది.