సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ), సుడిదోమ: దీని మీద కాంప్లెక్సిటీ సైన్స్‌లో పీహెచ్‌డీ చేయొచ్చా?

శివారు_చేను:
నమస్కారం అండీ. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఈ ఏడే అయ్యింది. నాన్నగారిది కాలువ శివారు భూమి. పైవాళ్ళ ఊడ్పులన్నీ అయ్యాకగానీ మా బోదెలోకి నీళ్ళు ఎక్కవు. దాంతో పైచేలు కోతకొచ్చేసరికి మాది ఇంకా పచ్చిగా ఉంటుంది, సుడిదోమంతా మా మీదకి దిగుతుంది. దుబ్బు విడదీసి చూస్తే నీళ్ళకి కాస్త పైన, మొదలు చుట్టూ గోధుమరంగు పురుగులు కిక్కిరిసి ఉంటాయి. చూస్తుండగానే చేను మధ్యలో సుడులు సుడులుగా ఎండిపోతుంది.

ఎవరి చేనుకి ఏది మంచిదో వాళ్ళు చూసుకుంటే కాలువ మొత్తానికి ఏమవుతుంది? నేను చదవాలనుకుంటున్నది ఇది. ఇలా విడివిడి నిర్ణయాలన్నీ కలిసి మొత్తం ఎలా మారుతుందో చూసే చదువునే కాంప్లెక్సిటీ సైన్స్ అంటారు. ఒకచోట అడిగితే "ఇది ఫిజిక్స్ కాదు, అగ్రికల్చర్‌కి వెళ్ళు" అన్నారు. అగ్రికల్చర్ వాళ్ళు "నీకు ఏజీ డిగ్రీ లేదుగా" అన్నారు. నాన్నగారు "నీ ఇష్టం తల్లీ" అంటున్నారు. అమ్మ బీఈడీ చెయ్యమంటోంది. ఏ గుమ్మం ఎక్కాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

కాకినాడ_మాస్టారు:
అమ్మాయ్, ముందు రూల్స్ సంగతి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. ఆడపిల్లలకి ఇంకో రెండేళ్ళ వెసులుబాటు ఉంది. వేరే డిపార్ట్‌మెంట్ నుంచి, వేరే సంస్థ నుంచి కూడా కో-గైడ్‌ని పెట్టుకోవచ్చు. కాబట్టి "మా సబ్జెక్టు కాదు" అనే మాటతో కథ అయిపోదు. జేఆర్‌ఎఫ్ (పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధన ఫెలోషిప్) మాత్రం కొట్టు. 2023 జనవరి నుంచి నెలకి 37,000. చేతిలో ఫెలోషిప్ ఉన్న పిల్లని ఎవరూ తేలిగ్గా పంపించెయ్యరు.

పాలకొల్లు_పరిశోధకురాలు:
చెల్లీ, నేను మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో ఉండి, ఎకాలజీ కో-గైడ్‌తో పీహెచ్‌డీ చేస్తున్నాను. నీ ప్రశ్న చదివి చాలా సంతోషం వేసింది. ఇలాంటిదే ఒకటి బాలి దీవిలో జరిగింది, దాని గురించి చదివావో లేదో.

అక్కడ వరి రైతుల నీటి సంఘాల్ని సుబాక్‌లంటారు. ఎప్పుడు నాటాలో, ఎప్పుడు బీడు పెట్టాలో నీటి గుళ్ళ దగ్గర కూర్చుని అనుకునేవాళ్ళు. 1970ల్లో హరిత విప్లవం వచ్చి, ఎవరికి వీలైనన్ని పంటలు వాళ్ళు వేసుకోమన్నారు. నీటి వంతులు చెడిపోయాయి, పురుగు విరుచుకుపడింది. లాన్సింగ్ అనే మానవశాస్త్రవేత్త, క్రెమర్ అనే జీవావరణ శాస్త్రవేత్త కలిసి రెండు నదుల మీదున్న 172 సుబాక్‌లని కంప్యూటర్‌లో మోడల్‌గా పెట్టి చూశారు. అందరూ ఒకేసారి నాటితే నీళ్ళు చాలవు. తలా ఓసారి నాటితే పురుగు చేను మారుతూ బతికేస్తుంది. మోడల్‌లో ప్రతి సుబాక్‌కీ వాళ్ళిచ్చిన నియమం ఒక్కటే: చుట్టుపక్కల ఎవరికి బాగా పండితే వాళ్ళ పద్ధతి పట్టుకోవడం. పైనుంచి ఎవరూ చెప్పకుండానే, కొన్నేళ్ళ పంటలు తిరిగేసరికి, నిజంగా గుళ్ళు నడిపిన ఏర్పాటుకి దగ్గరగా సుబాక్‌లు గుంపులు కట్టాయి. 1993లో ఆ పేపర్ వచ్చింది. మనిషికో శాస్త్రం తెలిసిన ఇద్దరు కలిస్తేనే అది తేలింది, గమనించు.

మన డెల్టా అచ్చంగా బాలి కాదు. కాలువకి నీళ్ళు ఎప్పుడు వదలాలో మనం కూర్చుని తేల్చుకోం, ధవళేశ్వరం దగ్గర తేలుతుంది. మా వైపు ఇంకో చిక్కు, చెరువులు. పక్కవాడు రొయ్యల చెరువు తవ్వితే ఉప్పు ఊట మన చేనుకి వస్తుంది, వరి దెబ్బతింటుంది, విధిలేక మనమూ తవ్వుతాం, ఆ పక్కవాడూ తవ్వుతాడు. మనసులో ఎవరికీ ఊరంతా చెరువులు కావాలని లేదు. అయినా అయిపోతుంది. నా థీసిస్ దీని మీదే.

"ఫిజిక్స్ కాదు" అన్నవాళ్ళకి 2021 ఫిజిక్స్ నోబెల్ గుర్తుచెయ్యి. మనాబే, హాసెల్‌మాన్, పారిసీలకి ఇచ్చింది సంక్లిష్ట భౌతిక వ్యవస్థల మీద చేసిన పనికే. చెన్నైలో ఐఎంఎస్సీ అనే గణిత శాస్త్రాల పరిశోధన సంస్థలో ఈ పని చేసేవాళ్ళున్నారు. ఫిజిక్స్ పిల్లలు జెస్ట్ అనే పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష రాసి అటు వెళ్ళొచ్చు. అమెరికాలో వెర్మాంట్ యూనివర్సిటీ నేరుగా కాంప్లెక్స్ సిస్టమ్స్ పేరుతోనే పీహెచ్‌డీ ఇస్తుంది. ఈలోపు, ఇలాంటి మోడళ్ళు కట్టే నెట్‌లోగో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దించుకుని నీ కాలువని అందులో గీసి చూడు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. అన్నీ తలాకాస్త నేర్చుకుని వెళ్ళకు. ఫిజిక్స్‌లో నీ చెయ్యి బలంగా ఉండాలి, పురుగు గురించి తెలిసిన మనిషి నీ పక్కన ఉండాలి. నా కమిటీలో మ్యాథ్స్ సార్ నిరూపణ ఎక్కడ అంటారు, ఎకాలజీ మేడమ్ ఎన్ని చేలు తిరిగి లెక్కపెట్టావు అంటారు. రెండింటికీ జవాబు ఉండాల్సిందే, ఆ కష్టం తప్పదు. చేరకముందే గైడ్లిద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, థీసిస్ దిద్దేవాళ్ళు ఏ శాఖ వాళ్ళో అడిగి తెలుసుకో.

ఆత్రేయపురం_రైతు:
అమ్మా, నేను చదువుకున్నది ఇంటరే అండి, కానీ ఈ మాట చెప్పాలి. నాటే రోజుతోపాటు వరి రకం కూడా లెక్కలోకి తీసుకో. స్వర్ణ అయితే నూట యాభై రోజులు, పైగా దోమకి తట్టుకోదు. 1010 రకం అయితే నూట ఇరవై రోజుల్లో చేతికొస్తుంది. శివారోళ్ళు ఆలస్యంగా నాటినా తొందరగా కోసేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ మిల్లోడు ఏ రకం కొంటే రైతు ఆ రకం వేస్తాడు. ఇంకోటి, మా వైపు చాలా చేలు కౌలువే. నాటేది ఒకరు, భూమి ఇంకొకరిది. 2011లో కోనసీమలో క్రాప్ హాలిడే అని సార్వా మానేశారు చూడు, అది నీ లెక్కలో ఎలా వస్తుందో నాకు తెలుసుకోవాలనుంది. ఒకరిని చూసి ఒకరు ఎలా ఆగారు, ఎక్కడ మొదలైంది అని.

శివారు_చేను:
అక్కా, మాస్టారూ, బాబాయ్ గారూ, అందరికీ కృతజ్ఞతలు. జెస్ట్‌కీ, జేఆర్‌ఎఫ్‌కీ రెండింటికీ కడతాను. ముందు మార్టేరు వరి పరిశోధన కేంద్రానికి వెళ్ళి, దీపపు ఎరల్లో పడిన దోమ లెక్కలు ఇస్తారేమో అడుగుతాను. బాబాయ్ గారూ, ఏ చేను ఏ రోజు ఊడ్చారో పాత ఏళ్ళవి ఎక్కడైనా రాసి ఉంటాయా?

ఆత్రేయపురం_రైతు:
ఊడ్పుల తేదీ ఎవడూ రాయడమ్మా. సొసైటీకి వెళ్ళి యూరియా బస్తాల రిజిస్టర్ చూడు. ఊడ్చిన కొద్ది రోజులకే మొదటి దఫా చల్లుతాం, పేరు, తేదీ, బస్తాలు అన్నీ అందులో ఉంటాయి. కాకపోతే కౌలు రైతు బస్తా భూమి యజమాని పేరు మీద రాసి ఉండొచ్చు, అది ఊళ్ళో అడిగి సరిచేసుకో.