మధ్యలో ఆ కడ్డీ ఏంటి? ఎన్‌జీసీ 1365 గెలాక్సీ మీద డౌట్

డాబా మీద (భవానీపురం, విజయవాడ):
ఆరంగుళాల టెలిస్కోప్ కొన్నా. నిన్న రాత్రి ఫోర్నాక్స్ రాశిలో గంటన్నర వెతికితే అద్దం మీద ఊదిన ఆవిరిలాంటి మసక కనిపించింది, అంతే. ఫొటోల్లో మాత్రం మధ్యలో అడ్డంగా కడ్డీ, దాని రెండు కొసల నుంచి కొక్కేల్లా రెండు చేతులు! తిరిగేటప్పుడు ఆ కడ్డీ విరగదా?

గుంటూరోడు:
విరగడానికి అదేం ఇనప చువ్వ కాదు తమ్ముడూ. కోట్ల నక్షత్రాలు బాగా సాగదీసిన కక్ష్యల్లో తిరుగుతుంటే అన్నీ కలిసి మనకి కడ్డీలా కనిపిస్తాయి. అసలు సంగతి దాని పని: చుట్టూ ఉన్న వాయువునీ ధూళినీ మధ్యలోకి లాగుతుంది. అందుకే అక్కడ కొత్త నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయి, దాదాపు 20 లక్షల సూర్యుళ్లంత బరువున్న కృష్ణబిలానికీ మేత దొరుకుతోంది. ఆ కృష్ణబిలం విపరీతమైన వేగంతో గిరగిరా తిరుగుతోందని 2013లో ఎక్స్‌రే టెలిస్కోపులతో తేల్చారు. మన పాలపుంతకీ కడ్డీ ఉంది, లోపలున్నాం కాబట్టి తెలియదు.

సూర్యలంక బ్యాచ్:
బెజవాడ లైట్లలో ఆ మసక దొరకడమే గొప్ప బ్రో, సుమారు 6 కోట్ల కాంతి సంవత్సరాల దూరం మరి. మన దగ్గర అది దక్షిణాన 37 డిగ్రీలకు మించి పైకి రాదు. డిసెంబర్ అమావాస్యకి బీచ్‌కి రా, రాత్రి పదింటికి చూడు. కడ్డీ కనిపించాలంటే ఇంకా పెద్ద అద్దమున్న టెలిస్కోప్ ఉండాలి.

డాబా మీద:
బండి మీద ట్రైపాడ్ ఎలా తెస్తారన్నా?