అప్‌డేట్: యెరూషలేము, గలిలయ చూసి వచ్చాను
బైబిలు కాలేజీ విద్యార్థిగా మొదటిసారి ఇశ్రాయేలు వెళ్తున్నాను, సమయం తక్కువ, ఏవి తప్పక చూడాలి అని అడిగాను కదా. "కపెర్నహూము వదలొద్దు" అన్నవాళ్లకు మనసారా వందనాలు. గలిలయ సముద్రం ఒడ్డున ఉన్న పాత ఊరు అది.

అక్కడ సున్నపురాయితో కట్టిన తెల్లటి సమాజమందిరం (యూదుల ప్రార్థనా స్థలం) యేసు కాలానిది కాదు, తర్వాతి శతాబ్దాలది. దాని కింద మాత్రం నల్లరాతి పునాది కనిపిస్తుంది. యేసు బోధించిన మందిరం పునాది అదేనని చాలామంది పండితులు అంటారు. పేతురు ఇల్లుగా భావించే చోటు అక్కడికి దగ్గరే. సమాజమందిరం నుంచి బయటికొచ్చి సీమోను ఇంటికి వెళ్లారని మార్కు 1:29లో ఎన్నిసార్లో చదివాను. ఆ దారిలో నడిచాక ఆ వచనం ఇక మామూలుగా చదవలేను.

యెరూషలేములో యేసు సమాధి ఉన్న చోటుగా చెప్పేవి రెండు: పరిశుద్ధ సమాధి చర్చి, తోట సమాధి. వీటిలో ఏది చూడాలని కూడా అడిగాను. రెండూ చూశాను. తోటలో ప్రశాంతంగా ప్రార్థించుకోవచ్చు. కానీ చరిత్ర పరంగా నాకు బలంగా అనిపించింది 335లో ప్రతిష్ఠించిన పరిశుద్ధ సమాధి చర్చే. జనం విపరీతం, పొద్దున్నే వెళ్లండి.

యెరూషలేములోనే హిజ్కియా రాజు నీళ్ల కోసం తవ్వించిన సొరంగం ఉంది, పొడవు 533 మీటర్లు. నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి, కాబట్టి టార్చి, తడిసినా పర్వాలేని చెప్పులు తీసుకెళ్లండి.

బేత్లెహేము పాలస్తీనా ప్రాంతంలో ఉంది, దారిలో ఇశ్రాయేలు చెక్‌పాయింట్ గురించి టెన్షన్ పడ్డాను, పాస్‌పోర్టు చూసి పంపేశారు. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం వరకు యూదుల విశ్రాంతి దినం కాబట్టి యెరూషలేములో సిటీ బస్సులు దాదాపు ఉండవు, ఆ రోజుకు నడిచి వెళ్లగలిగేవి పెట్టుకోండి.