పోయింది ఒక్క వాకీటాకీయే, కీ మాత్రం అన్నింటిలో మార్చాలా?

ఎర్రగుంట్ల క్వారీ సూపర్‌వైజర్:
మాది కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గరి సున్నపురాయి క్వారీ. రాత్రి కాపలాకు 14 డీఎంఆర్ (డిజిటల్ రేడియో పద్ధతి) వాకీటాకీలు వాడుతున్నాము. నిరుడు డంపర్లలో డీజిల్ వరుసగా మాయమవుతుంటే, కాపలావాళ్లు ఏ వైపు తిరుగుతున్నారో దొంగలు సెట్టు పెట్టుకుని వింటున్నారని అనుమానించి, దుకాణంలో ఎన్‌క్రిప్షన్ (కీ అనే రహస్య సంకేతం లేని సెట్టులో మాటలు అర్థం కాకుండా చేసే ఏర్పాటు) పెట్టించాము. పోయిన వారం క్రషర్ దగ్గర ఒక సెట్టు పోయింది. ఎన్‌క్రిప్షన్ ఉంది కనుక భయం లేదని దుకాణం వారు అంటున్నారు. ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ‘బేసిక్, కీ 1’ అని ఉంది. నిశ్చింతగా ఉండవచ్చా? తెలిసినవారు చెప్పగలరు.

కర్నూలు రేడియో మెకానిక్:
అన్నా, ఇది భయపడవలసిన విషయమే. పోయిన సెట్టులో మీ కీ ఉంది కనుక, దానిని ఆన్ చేసినవాడు మీ కాపలావాళ్లతో సమానంగా అన్నీ వింటాడు. ఇంటి తాళంచెవి పోయాక, తాళం గట్టిదే కదా అని ఊరుకుంటామా?

పైగా మీకు పెట్టిన బేసిక్ పద్ధతే బలహీనమైనది. చాలా సెట్లలో దానికి ఉన్నవి 255 కీలే. ఓపికగా ఒక్కొక్కటే పెట్టి చూసినా దొరుకుతుంది, మీది 1 కనుక మొదటిసారికే దొరుకుతుంది. దాని తర్వాతి మెట్టు 40 బిట్ల కీ, ఆపైన 256 బిట్ల కీతో పనిచేసే ఏఈఎస్ అనే గట్టి పద్ధతి. మీ సెట్లలో ఏఈఎస్ ఉంటే అదే పెట్టించండి. ఆ కీ 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ వరకు ఉన్న గుర్తులతో 64 స్థానాల వరుస. అందులో ఫోన్ నంబరునో బండి నంబరునో మార్చి మార్చి రాయకండి. ఒక గుడి ఉత్సవం సెట్లకు నేను నాణెం ఎగరేసి రాశాను: నాలుగుసార్లు బొమ్మా బొరుసూ చూస్తే ఒక గుర్తు, మొత్తం 256 సార్లు. ఒక సాయంత్రం పట్టింది, కానీ ఆ వరుసను ఊహించగలవాడు లేడు.

ఉన్నవి 13 సెట్లే కనుక, ఉదయం షిఫ్టు మారే వేళ అన్నీ ఒక బల్ల మీద పెట్టి, కేబుల్‌తో ఒకే విడతలో కొత్త కీని కొత్త నంబరు కింద ఎక్కించండి. సెలవులో ఉన్నవాడి సెట్టు ఇలాంటప్పుడే మిగిలిపోతుంది. తర్వాత అతను రాత్రి ఎంత పిలిచినా మిగతావాళ్లకు గరగర తప్ప ఏమీ వినబడదు.

అనంతపురం విశ్రాంత వైర్‌లెస్ ఆపరేటర్:
పై జవాబుతో ఏకీభవిస్తూ ఒక ముఖ్య విషయం చేర్చుతున్నాను. బ్లాస్టింగ్ హెచ్చరికలు చెప్పే ఛానెల్‌కు ఎన్‌క్రిప్షన్ పెట్టకండి. కొత్తగా వచ్చిన కాంట్రాక్టరు మనిషి సెట్టులో మీ కీ లేకపోతే, ‘పేలుస్తున్నాము, తప్పుకోండి’ అన్న మాట అతని చెవిన పడదు. దాచవలసింది కాపలా తిరిగే దారిని మాత్రమే. విద్యుత్ డిటొనేటర్లు అమర్చే చోట సెట్టు మీట నొక్కకూడదన్న జాగ్రత్త ఎన్‌క్రిప్షన్ ఉన్నా లేకున్నా పాటించవలసిందే.

కీని కాగితం మీద రాసి, కవరు మూసి ఆఫీసు బీరువాలో ఉంచండి. వాట్సాప్ గ్రూపులో పంపకండి. దుకాణం వారి ల్యాప్‌టాప్‌లో మీ సెట్ల ఫైలు మిగిలితే కీ కూడా వారి దగ్గర ఉన్నట్టే కనుక, దానిని మీ ఎదుటే తీసివేయమనండి.

ఎర్రగుంట్ల క్వారీ సూపర్‌వైజర్:
ఇద్దరికీ ధన్యవాదాలు. పోయిన సెట్టును దూరం నుంచే పని చేయకుండా ఆపవచ్చని మావాళ్లు అంటున్నారు. అలా చేస్తే కీ మార్చనవసరం లేదా?

కర్నూలు రేడియో మెకానిక్:
ఆపే ఆదేశం పంపండి, కానీ దానినే నమ్ముకోకండి. ఆ సెట్టు ఆన్‌లో ఉండి, మీ ఛానెల్‌లో, సిగ్నల్ అందే దూరంలో ఉంటేనే ఆదేశం చేరుతుంది. కొన్ని చౌక సెట్లలో కేబుల్ పెట్టి చదివితే కీ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. ఆఫ్ చేసి ఇంట్లో కూర్చుని చదివేవాడిని మీ ఆదేశం ఏమీ చేయలేదు. ఒకవేళ ఆదేశానికి జవాబు వస్తే సెట్టు ఇంకా చుట్టుపక్కలే ఉన్నట్టు, క్రషర్ దగ్గర మళ్లీ వెతకండి. కీ మాత్రం ఈ ఆదివారమే మార్చండి.