వాషింగ్ మెషీన్ వెనక గోడకు టైల్స్ వేశాను, సీలర్ ఇప్పుడే పూయొచ్చా?

ప్రశ్న:

వాషింగ్ మెషీన్, బట్టలు నానబెట్టే సింకు ఉన్న చిన్న గదిలో గోడలకు టైల్స్ నేనే వేశాను. మేస్త్రీని పిలవలేదు, టైల్స్ పని చేయడం ఇదే మొదటిసారి. గ్లేజు (పైన గాజులాంటి పూత) ఉన్న మామూలు సిరామిక్ టైల్స్, జాయింట్ 2 మిల్లీమీటర్లు, ఆ సందులు నింపడానికి ఇసుక కలవని సిమెంట్ గ్రౌట్. గ్రౌట్ నింపి ఇవాళ్టికి నాలుగు రోజులైంది. రెండు గోడలు కలిసే మూలలోనూ అదే గ్రౌట్ పెట్టాను.

నిన్న కొత్త మెషీన్ తొలిసారి ఆన్ చేశాను. బట్టలు పిండేటప్పుడు గది అదిరిపోయింది. సాయంత్రం చూస్తే మూలలో పైనుంచి కిందిదాకా వెంట్రుకంత పగులు. సింకు పక్క జాయింట్లలో తెల్లటి పొడి తేలింది. రాత్రంతా టెన్షన్. గ్రౌట్ నీళ్లు పీల్చకుండా పూసే సీలర్ డబ్బా తెచ్చి పెట్టుకున్నాను. టైల్స్‌తో సహా గోడంతా రెండు కోట్లు పూసేస్తే పగులు కూడా మూసుకుపోతుందా? పైవరస అంచున టైల్ లోపలి ఎర్రమట్టి కనిపిస్తోంది, దానికేం చేయాలి?

జవాబు 1:

గోడంతా పూయకండి. గ్లేజు నీళ్లు పీల్చదు, సీలర్‌నీ పీల్చదు. అది పైనే ఎండి మసక పొరలా మిగిలిపోతుంది. మీ గోడ మీద సీలర్ కావలసింది గ్రౌట్ గీతలకే.

జవాబు 2:

మీ ప్రశ్న చదువుతుంటే నా పనే గుర్తొచ్చింది. నేను గ్రౌట్ పెట్టిన రెండో రోజే సీలర్ పూశాను. లోపల ఇంకా చెమ్మ ఉంది. నెల దాటినా జాయింట్లు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా ఉండిపోయాయి. చివరికి సింకు పక్కన రెండు వరసల గ్రౌట్ గీకి మళ్లీ నింపాను. అందుకే చెబుతున్నాను, ఆ డబ్బా మూత ఇప్పుడే తీయకండి. ఎన్నాళ్లు ఆగాలో గ్రౌట్ ప్యాకెట్ మీద, సీలర్ డబ్బా మీద రాసి ఉంటుంది. రెండింటిలో ఏది ఎక్కువైతే అన్నాళ్లు ఆగండి. అప్పటికీ గీతలన్నీ ఒకే రంగులోకి రాకపోతే ఇంకా ఆరలేదన్నమాట.

ఆ తెల్లపొడి సిమెంట్‌లోని ఉప్పు. చెమ్మ బయటికి వస్తూ ఉప్పును కరిగించి తెస్తుంది, నీరు ఆవిరైపోగానే ఉప్పు పైన మిగులుతుంది. పొడి బ్రష్‌తో రుద్దండి, తర్వాత పిండేసిన తడిగుడ్డతో తుడవండి. వెనిగర్ గానీ, బాత్రూమ్ కడిగే యాసిడ్ గానీ దగ్గరికి రానీయకండి. సిమెంట్ గ్రౌట్‌ను యాసిడ్ తినేస్తుంది. రుద్దిన చోటే పొడి మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం గోడలోకి నీళ్లు ఎక్కడినుంచో దిగుతున్నాయి. ముందు కుళాయి చుట్టూ, సింకు వెనక చూడండి.

ఇక మూల పగులు. సీలర్ జిగురు కాదండి. గ్రౌట్‌లోని సన్నటి రంధ్రాల్లోకి ఇంకి, నీళ్లు పీల్చుకోకుండా చూస్తుంది, అంతే. రెండు గోడలు దేనికది విడిగా కదులుతాయి, గ్రౌట్ సాగదు, కాబట్టి మూలలో పగులుతుంది. మళ్లీ గ్రౌటే పెడితే మళ్లీ పగులుతుంది. అక్కడ పెట్టాల్సింది రబ్బరులా సాగే సిలికాన్. సింకు టైల్స్‌కు తగిలే చోట, కుళాయి పైపు గోడలోంచి బయటికి వచ్చే రంధ్రం చుట్టూ కూడా అదే. పైపు రంధ్రాన్ని రేకు బిళ్ల కప్పేస్తుంది కాబట్టి చాలామంది మర్చిపోతారు. నేనూ మర్చిపోయాను. నీళ్లు దిగింది అక్కడినుంచే.

జవాబు 3:

సిలికాన్ పెట్టేముందు మూలలోని గ్రౌట్ పూర్తిగా గీకేసి, దుమ్ము దులిపి, బాగా ఆరనివ్వండి. తడి మీద సిలికాన్ అంటుకోదు. రెండువైపులా మాస్కింగ్ టేప్ వేసి, గన్‌తో ఆపకుండా ఒకే గీతగా వదిలి, సబ్బునీళ్లలో ముంచిన వేలితో ఒక్కసారి నునుపు చేయండి. పైన పొర కట్టకముందే టేప్ లాగేయాలి, ఆలస్యమైతే అంచు చిరుగుతుంది. తర్వాత కనీసం ఒక రోజు నీళ్లు తగలనీయకండి. ఈ గదికి బూజు పట్టని రకం సిలికాన్ తీసుకోండి.

సీలర్ మాత్రం సిలికాన్ కన్నా ముందే పూయాలి. సిలికాన్ పెట్టే చోట సీలర్ తగిలితే పట్టు తగ్గుతుంది, అందుకే మూల సందును టేప్‌తో మూసి పూయండి. చిన్న బ్రష్‌తో గీతల మీదే రాసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, టైల్ మీద పడింది ఎండకముందే పొడిగుడ్డతో తుడవండి.

పై అంచును కప్పే బీడింగ్ పట్టీని టైల్స్ వేసేటప్పుడే వాటి కింద పెట్టాలి, ఇప్పుడు దూర్చలేరు. పైన గోడకు రంగు వేస్తారు కదా? అక్కడ అక్రిలిక్ సీలెంట్ సన్నగా పెట్టి దాని మీద రంగు వేసేయండి. ఎర్రమట్టి కనపడదు. సిలికాన్ మీద రంగు నిలవదు, అక్కడ దాన్ని వాడకండి.

ఇంకో మాట. మెషీన్ కొత్తదన్నారు. ముందు తలుపు రకమా? రవాణాలో లోపలి డ్రమ్ము కదలకుండా వెనకవైపు బిగించే రవాణా బోల్టులు తీశారా?

ప్రశ్న అడిగినవారు:

ఇప్పుడే వెనక్కి వెళ్లి చూశాను. నాలుగు బోల్టులూ అలాగే ఉన్నాయి! తీసేశాను. నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనేలా తిప్పి, మెషీన్‌ను గోడకు తగలకుండా ముందుకు జరిపాను. ఖాళీగా తిప్పి చూస్తే అదురు దాదాపు లేదు. మరి ఇప్పుడు మూలలో గ్రౌట్ ఉంచేయొచ్చా?

జవాబు 2:

వద్దండి, గీకేయండి. అదురు వల్ల పగులు త్వరగా కనపడింది, అంతే. మెషీన్ లేని మూలల్లోనూ గ్రౌట్ పగులుతుంది. సీలర్ పూశాక మర్నాడు గీత మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి. చుక్క చుక్కలాగే నిలబడితే సరే. కొన్ని నిమిషాల్లో గీత నల్లబడితే అక్కడ ఇంకో కోటు కావాలి.

ప్రశ్న అడిగినవారు:

సరేనండి. మూల గీకడం ఈ రాత్రికే మొదలుపెడతాను. డబ్బా మీద 14 రోజులని ఉంది, అన్నాళ్లూ ఆగుతాను.