మేజర్ స్కేల్స్ పన్నెండూ వచ్చు, సొంతంగా వాయించబోతే మాత్రం మెట్లెక్కి దిగినట్టుంటోంది

ప్రశ్న:
పియానో మీద అన్ని మేజర్ స్కేల్సూ (ఏడేసి స్వరాల వరసలు) రెండు చేతులతో, మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) పెట్టుకుని వాయిస్తాను. కానీ బ్యాకింగ్ ట్రాక్ (వెనక మోగే రికార్డింగ్) మీద ఏదైనా సొంతంగా అల్లుదామంటే వేళ్లు సి స్వరం దగ్గర బయల్దేరి పై సి దాకా పోయి వెనక్కొస్తాయి. తప్పు స్వరం ఒక్కటీ పడదు, అయినా పాటలా ఉండదు. ఇంకా వేగం పెంచాలా? మోడ్స్ (అదే స్కేల్‌ని వేరే స్వరం నుంచి మొదలుపెట్టే వరసలు) మొదలుపెట్టాలా?

జవాబు (పియానో నేర్పుతుంటాను):
రెండూ ఇప్పుడే వద్దండీ. మీకు స్కేల్ వరసగా వచ్చు, స్వరాలు విడివిడిగా ఇంకా రాలేదు. ఎ ఫ్లాట్ మేజర్‌లో ఆరో స్వరం ఏదని అడిగితే కింది నుంచి లెక్కపెట్టకుండా ఎఫ్ అని నోటికి రావాలి. ఇ మేజర్‌లో మూడోది? జి షార్ప్. ముందు ఇది పట్టుకోండి.

తర్వాత ఎడమ చేత్తో డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్ కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పట్టుకుని, కుడి చేత్తో ప్రతి కార్డ్‌లో మూడో స్వరం, ఏడో స్వరం (కార్డ్ పేరున్న స్వరం నుంచి లెక్క) మాత్రమే వాయించండి. డి మైనర్‌కి ఎఫ్, సి. జి సెవెన్‌కి వచ్చేసరికి ఎఫ్ కదలదు, సి ఒక్కటే బి మీదికి దిగుతుంది. సి మేజర్‌కి బి ఉండిపోతుంది, ఎఫ్ ఇ మీదికి దిగుతుంది. నెమ్మదిగా వాయిస్తూ వినండి. ఏడు స్వరాలు పరిగెత్తినా రాని కదలిక ఈ రెండు స్వరాల్లోనే వినిపిస్తుంది. నాకు ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు సొంతంగా అల్లడం) అంటే ఇదే. మిగతా స్వరాలు వీటి మధ్య దారులు.

ఎఫ్‌నే చూడండి. డి మైనర్ మీద ఎంతసేపు ఆగినా తియ్యగా ఉంటుంది. సి మేజర్ కార్డ్ మీద ఆగితే కింద ఉన్న ఇతో గీసుకుంటుంది. స్కేల్ అదే, స్వరం అదే. కాబట్టి ఎక్కడ ఆగుతున్నారో చూసుకోండి, దాటిపోయే స్వరాల గురించి అంత బెంగ అక్కర్లేదు.

ఇంకో జవాబు:
నేను కర్ణాటక వయొలిన్ వైపు నుంచి వచ్చాను. మేజర్ స్కేల్ స్వరస్థానాలు 29వ మేళకర్త (ఏడు స్వరాలూ ఉండే మూల రాగం) ధీరశంకరాభరణానివే (గమకాలతో రాగం నడక వేరనుకోండి). వరస విరగ్గొట్టడానికి దాటు వరసలు (స్వరాలు దాటుకుంటూ వెళ్లే అభ్యాసాలు) పట్టుకోండి: స మ గ మ రి గ స రి. సి మేజర్‌లో అది సి ఎఫ్ ఇ ఎఫ్ డి ఇ సి డి. మోడ్స్ కూడా మనకు కొత్తేం కాదు, గ్రహభేదమే (షడ్జాన్ని వేరే స్వరానికి మార్చడం). రిషభాన్ని షడ్జం చేస్తే ఖరహరప్రియ, అంటే డోరియన్. మధ్యమాన్ని చేస్తే కల్యాణి, లిడియన్. నిషాదం దగ్గర మాత్రం పంచమం దొరకదు, అందుకే అక్కడ మేళకర్త లేదు.

ప్రశ్న అడిగినవారు:
రెండు స్వరాలతో చేసి చూశాను. మొదటిసారి కార్డ్ మారడం కుడి చేతిలో వినబడింది! మిగతా స్కేల్స్‌కి ఏ వరసలో వెళ్లాలి?

జవాబు (పియానో):
సి మేజర్ సెవెన్ దగ్గర ఆగినప్పుడు చేతిలో ఇ, బి ఉన్నాయి కదా. రెండింటినీ చెరో సెమీటోన్ (పక్క మీట దూరం) దించండి. ఇ ఫ్లాట్, బి ఫ్లాట్. అది సి మైనర్ సెవెన్, బి ఫ్లాట్ మేజర్‌కి రెండో కార్డ్ (సి మేజర్‌కి డి మైనర్ సెవెన్ లాగే, స్కేల్ రెండో స్వరం మీద కట్టింది). అక్కణ్నుంచి ఎఫ్ సెవెన్, బి ఫ్లాట్ మేజర్ సెవెన్. మళ్లీ దించితే ఎ ఫ్లాట్ మేజర్. ఇలా ఆరు స్కేల్స్ తిరిగి సి దగ్గరికే వస్తారు. మిగతా ఆరింటికీ ఎఫ్ నుంచి మొదలుపెట్టండి.