బై, అంటిల్, విదిన్: గడువు రాసేటప్పుడు ఏది ఎక్కడ?

కృష్ణాతీరం:
ఆఫీసు మెయిళ్లలో “సబ్మిట్ అంటిల్ ఫ్రైడే”, “విదిన్ ఫ్రైడే”, “బై ఫ్రైడే” మూడూ కనిపిస్తున్నాయి. మూడోదే సరైనదని తెలుసు. కొత్తగా చేరినవాళ్లకు ఏ కారణం చెబితే గుర్తుండిపోతుంది?

వాక్యశోధన:
మన ప్రత్యయాలతోనే తేల్చవచ్చండీ. ముందు తెలుగులో అనుకుని ‘కల్లా’ పెట్టి చూడండి. “శుక్రవారానికల్లా పంపండి” అతికింది కనక బై. పని ఒక్కసారి పూర్తవుతుంది, ముందెప్పుడైనా కావచ్చు, ఆ గీత మాత్రం దాటకూడదు. ‘దాకా’ అతికితే అంటిల్. “ఆరింటిదాకా ఆఫీసులో ఉంటాను” అన్నప్పుడు ఉండటం ఆరు వరకు సాగుతూనే ఉంటుంది. అందుకే “సబ్మిట్ అంటిల్ ఫ్రైడే” అంటే శుక్రవారం దాకా సమర్పిస్తూనే ఉండమన్నట్టు వినిపిస్తుంది.

క్రియలతోనూ ఇంతే. “నేను వెళ్లేసరికి రైలు కదిలింది” బై ద టైమ్. “నేను వెళ్లేదాకా రైలు ఆగింది” అంటిల్.

ఓరుగల్లు మాస్టారు:
పరీక్ష బాగుంది. అయితే ‘వరకు’తో చేయకండి. తెలంగాణలో “సాయంత్రం వరకు వస్తా” అంటే సాయంత్రానికల్లా వస్తానని. “నేను పోయేవరకు బస్సు పోయింది” కూడా అలాంటిదే. ఉర్దూ, హిందీల్లో ‘తక్’ సైతం రెండు పనులూ చేస్తుంది. అంటిల్ తప్పుగా పడటానికి పెద్ద కారణం ఇదే. కాబట్టి “అప్పటిదాకా అదే పని జరుగుతూనే ఉంటుందా?” అని అడగమనండి. అవునంటేనే అంటిల్.

విదిన్ తప్పుకు మూలం ‘లోపు’. శుక్రవారం లోపు, మూడు రోజుల లోపు రెండూ మనకు చెల్లుతాయి. ఇంగ్లీషులో తేదీకి, ఫ్రైడే లాంటి వారం పేరుకు, గడియారం చూపే వేళకు బై. లెక్కపెట్టే వ్యవధికి విదిన్. “విదిన్ ఫ్రైడే” ఎంత తప్పో “బై త్రీ డేస్” కూడా అంతే తప్పు.

కృష్ణాతీరం:
మరి “అప్లికేషన్స్ ఆర్ యాక్సెప్టెడ్ అంటిల్ 31 మార్చ్” అని ప్రకటనల్లో ఉంటుంది కదా మాస్టారూ?

వాక్యశోధన:
అది సరైనదే. అక్కడ సాగుతున్నది స్వీకరణ. దరఖాస్తుదారుకు ఆదేశంగా చెప్పాలంటే “అప్లై బై 31 మార్చ్”. “యూ కెన్ అప్లై అంటిల్” కూడా తప్పు కాదు, అవకాశం అప్పటిదాకా తెరిచి ఉంటుంది గనక.

అసలు ప్రమాదం “కాంట్” లాంటి వ్యతిరేకార్థక వాక్యాల్లో ఉంది. “ఐ కాంట్ సెండ్ ఇట్ బై ఫ్రైడే” అంటే శుక్రవారానికల్లా అందదు, ఎప్పుడు అందుతుందో చెప్పలేదు. “ఐ కాంట్ సెండ్ ఇట్ అంటిల్ ఫ్రైడే” అంటే అంతకుముందు కుదరదు, శుక్రవారం పంపగలను. రెండోది చదివిన క్లయింటు శుక్రవారం ఫైలు కోసం ఎదురుచూస్తారు. ఒకదాని బదులు ఇంకోటి పడితే మాట తప్పినట్టే అవుతుంది.

“అంటిల్ యూ డోంట్ రిప్లై” అనేది ‘జవాబివ్వనంతవరకు’ నుంచి నేరుగా దిగింది. “అంటిల్ యూ రిప్లై” చాలు, డోంట్ అక్కర్లేదు.

రాత్రిషిఫ్టు:
బై ఫ్రైడేలో శుక్రవారం కలుస్తుందా అన్నది ఎవరూ ఎత్తలేదు. మామూలుగా కలుస్తుంది. బిఫోర్ ఫ్రైడే అంటే గురువారంతో సరి. ఒప్పందాల్లో “ఆన్ ఆర్ బిఫోర్” అని రాసేది ఈ అనుమానం రాకుండానే.

అమెరికా టీములకు రాస్తే వేళ, టైమ్‌జోన్ కూడా పెట్టండి. కాలిఫోర్నియాలో శుక్రవారం సాయంత్రం 5 అంటే మనకు శనివారం ఉదయం 6:30. అక్కడ గడియారాలు ముందుకు జరిపే నెలల్లో 5:30. ఐఎస్‌టీ అనే పొట్టిపేరు ఇజ్రాయెల్, ఐర్లండ్ సమయాలకూ ఉంది, కాబట్టి “ఇండియా టైమ్” అని విడమరిచి రాయడం మేలు. “మిడ్‌నైట్ ఫ్రైడే” అసలు వద్దు, గురువారం రాత్రా శుక్రవారం రాత్రా అన్నది తేలదు. 11:59 పీఎం రాయండి.

ఓరుగల్లు మాస్టారు:
ఇన్ ఒకటి మిగిలింది. “ఐ విల్ కాల్ ఇన్ టూ అవర్స్” అంటే రెండు గంటలయ్యాక. విదిన్ అంటే ఆలోపు ఏ క్షణమైనా. ‘రెండు గంటల్లో’ అనే మన మాట రెండింటికీ పనికొస్తుంది కాబట్టి ఇక్కడ కల్లా, దాకా పరీక్ష సాయపడదు. గడువులోపల ఎప్పుడైనా అన్న అర్థం కావాలంటే విదిన్ అనే రాయాలి. అయిపోయిన పనికి మాత్రం “ఫినిష్డ్ ఇన్ టూ అవర్స్” అంటే పట్టిన సమయం, అందులో తికమక లేదు.